తడిపేసిన తప్పెట

పోయిన ఆదివారం మా ఖరగ్‌పూర్ ట్రాఫిక్ పేటలో జరిగిన జానపద కళల సంరక్షణ సభ ఫొటోలు ఇవాళ ఎవరో ఫోన్‌కి పంపితే, శాలువా కప్పుకుని కొయ్యబారి కూర్చున్న మా చిన్నాన్న మొహం చూడలేక ఫోన్ బోర్లా పెట్టేశాను. ఛీ, ఏం సన్మానమండీ అది!

మా తాతలు శ్రీకాకుళం వైపునుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనికి వస్తూ తప్పెటగుళ్ళని కూడా వెంట తెచ్చుకున్నారు. రేకు గుల్లకి మేకతోలు బిగించిన తప్పెటని గుండెకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, షిఫ్టు దిగిన ఫిట్టర్లూ ఖలాసీలూ గుండ్రంగా గెంతుతూ వాయిస్తుంటే, పక్క క్వార్టర్ల బెంగాలీ దీదీలు కూడా వంట వదిలేసి గుమ్మాల్లోకి వచ్చేవారు. వాయించబోయే ముందు తోలుని బొగ్గుల కుంపటి దగ్గర వెచ్చబెట్టాలి. చేతికి చెమట తడి ఉన్నా చిన్నాన్న మమ్మల్ని దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. నాకు నేర్పాలని ఎంతో ఆశపడ్డాడు గానీ, స్కూల్లో స్నేహితులు నవ్వుతారని నేను తప్పించుకు తిరిగాను. ఆ పిరికితనం తలుచుకుంటే నామీద నాకే రోత.

ఆ జట్టులో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. సభవాళ్ళు పిలిచారనగానే, ఎనభై దాటిన మనిషి, పెట్టెలోంచి గజ్జెలు తీసి, "ఒక్కపాలి నిండుగా వాయించీసి దింపెత్తానురా, మరేటీ అక్కర్లేదు" అన్నాడు. అందరూ చూసేలా పెడతామంటే, ఆ పొద్దున్నే తప్పెటని నా చేతులతోనే వాళ్ళకి అప్పగించాను.

సాయంత్రం వెళ్ళి చూద్దును కదా, కళకి పూజ చేస్తున్నామంటూ దాన్ని పసుపునీళ్ళతో కడిగి, బొట్లు పెట్టి, నీళ్ళోడుతున్న బంతిపూల దండ వేసి వేదిక మీద కూర్చోబెట్టారు! కుంపటి అడిగితే కార్పెట్ పాడవుతుందన్నారు. చిన్నాన్న అలాగే గుండెకి కట్టుకుని కొడితే, తడిగుడ్డ మీద కొట్టినట్టు చప్పగా చప్పుడైంది. "తడిపీసినార్రా... ఇంకేటి వాయించీది" అని నావైపు చూశాడు. ఈలోగా కార్యదర్శిగారు, ఠీక్ హై దాదా కూర్చోండి అంటూ శాలువా కప్పేసి రికార్డు పెట్టించారు. మెరుపు చొక్కాల కుర్రాళ్ళు థర్మోకోల్ తప్పెటలు కట్టుకుని దానికి గెంతారు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చుని నేనూ కొట్టానండీ!

అప్పట్లో ఈ ఆటని చూసి వెక్కిరించినవాళ్ళున్నారు, గోల భరించలేక తిట్టినవాళ్ళున్నారు గానీ, కాపాడతామని చెప్పి నోరు నొక్కినవాళ్ళు లేరు. కుంపట్లు పోయాయి, ఆ క్వార్టర్లలో ఎవరున్నారో కూడా తెలియదు. తప్పెటని నాలుగు రోజులు డాబా మీద నీరెండలో పెడితే నిన్నటికి తోలు బిగిసి కాస్త మోగింది. గబగబా కిందికి తీసుకెళ్ళి ఇస్తే, చిన్నాన్న దాన్ని తన గుండెకి కట్టుకోలేదు. నా మెడలో వేసి, "వాయించు" అన్నాడు. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు, మొదటి దరువు కూడా రాదు.