కదిలే బొమ్మల దగ్గర బేరం

ఆ రోజుల్లో అంటే తాతల కాలమేమీ కాదు, నాలుగేళ్ళ కిందటి మాటే. అప్పటి నా తెలివి తలుచుకుంటే మాత్రం నాలుగు తరాల కిందటిదానిలా అనిపిస్తుంది. కనకమ్మ సత్రం అనే ఊళ్ళో మాది గిన్నెల అంగడి. చెప్పిన ధరకు కొనడం మా ఇంట్లో పరువు తక్కువ. బేరం తెగకపోతే వెనక్కి తిరిగి నడవాలి, పది అడుగుల్లో వాళ్ళే పిలుస్తారని మా నాయన నేర్పాడు. (మా అంగట్లో మేమూ అట్లాగే పిలుస్తాం.)

అప్పుడే పట్టాభిరామ్ మామ కూతురితో నా పెళ్ళిమాట నడుస్తోంది. మరదలు ఔననలేదు, కాదనలేదు. "తిరువళ్ళూరులో పాత జమీందారు బంగళాలో ఎవరో పెద్ద చిత్రకారుడి బొమ్మల్ని గోడల నిండా వెలుతురుతో కదిలించి చూపిస్తాండారంట. తీసకపో బావా, చూసొచ్చినాక చెప్తా" అంది. నా బతుకంతా ఆ జవాబులోనే ఉంది. అయినా టికెట్ల బల్ల ముందు నిలబడగానే అంగడి రక్తం ఊరుకోలేదు.

"ఇద్దరికీ కలిపి ఒకటిన్నర టికెట్ వేసుకో అన్నా. నేను సగంసేపు కండ్లు మూసుకుంటా."

"ఫిక్స్‌డ్ రేటు సార్."

"నేలమీద కూడా బొమ్మలంట గదా? అవి మాకొద్దు. గోడలకు మాత్రం చెప్పు."

"బావా, మానం పోతాంది" అని మరదలు మోచేత్తో పొడిచింది.

నేను ఠీవిగా వెనక్కి తిరిగి నడిచాను. వెనక అడుగుల చప్పుడు. "తిరిగి చూడొద్దు, ఇప్పుడు పిలస్తాడు చూడు" అని గుసగుసలాడాను. గేటు దాటాక చూస్తే నా వెంట వచ్చింది కాపలా తాత. "ఆట మొదులైంది నాయనా, ఇంక లోపలికి ఇడిసిపెట్టం" అంటూ గేటు మూశాడు. మరదలు తన టికెట్ తాను కొనుక్కుని ఎప్పుడో లోపలికి పోయిందట.

గంటసేపు ఆ గేటు పట్టుకుని నిలబడ్డాను. కిటికీ సందుల్లోంచి నీలం వెలుగు మాత్రం ఉచితంగా వచ్చింది. ఆమె బయటికొచ్చి తిడుతుందనుకున్నాను. "ఒక గదిలో గోడలంతా వాన బావా. తడవకుండానే నడిచినా. నీకు చూపించాలని పక్కకు తిరిగితే నువ్వు లేవు" అంది. తిట్టి ఉంటే బేరమాడేవాణ్ణి. బేరం మాని అసలు మాటకొచ్చాను.

"మరి... మన సంగతి?"

"రేపే ఆఖరు దినం. మళ్ళా తీసకరా. బల్లకాడ నోరు తెరిచినావంటే మాత్రం కాదనేస్తా."

మర్నాడు అడిగినంతా ఇచ్చాను. (ఈ సంగతి మా నాయనకు ఇప్పటికీ తెలియదు.) చిత్రకారుడి గొప్పతనం నన్నడక్కండి, వాన గదిలో నేను చూసింది ఆమె చెంపల మీద జారే నీలపు చినుకుల్నే. "సరే బావా" అని ఆమె అన్నదీ అక్కడే.

ఇప్పటికీ అటువైపు పోతే, రొమ్ము విరుచుకుని ఒంటరిగా గేటు దాటుతున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. జాలేసి కేకేద్దామనుకుంటాను గానీ, ఆగాడంటే మళ్ళీ బేరం మొదలెడతాడని నేనే ఊరుకుంటాను.