ఖాళీగా వస్తే ఊగే బండి

బాలప్ప బండి నడుపుతుంటే పక్క సీట్లో పసిపిల్లను పడుకోబెట్టినా లేవదని ముడిమ్యాలలో చెప్పుకునేవాళ్లు. పదకొండేళ్లుగా సత్తయ్య పటేలు పికప్‌కు ఆయనే డ్రైవరు. మందు మానేసి కూడా పదకొండేళ్లే. మానడమంటే ఊరికే కాదు, ఆదివారం చర్చిలో అందరి ముందు నిలబడి, భార్య పద్మమ్మ వింటుండగా మాట ఇచ్చి మానాడు. అంతకు ముందు ఎంత తాగాడో మనకెందుకు గానీ, మానడం మాత్రం నికార్సుగా మానాడు.

అలాంటి మనిషికి ఈ చలికాలం పెద్ద గండమే వచ్చిపడింది. తెల్లవారుజామున క్యారెట్ బస్తాలు నింపుకుని మెహిదీపట్నం పోయేటప్పుడు బండి గీత గీసినట్టు పోతుంది. సరుకు దించి ఖాళీగా వచ్చేటప్పుడు మాత్రం అటు జానెడు ఇటు జానెడు ఊగుతూ వస్తుంది. చూసేవాళ్లకు ఇంకేం కావాలి? పోయేటప్పుడు బాగానే పోయి, వచ్చేటప్పుడు ఊగుతున్నాడంటే మధ్యలో ఎక్కడో ఆగాడన్నమాటే. చేవెళ్ల చాయ్ హోటల్లో సత్తయ్యే నలుగురిలో నవ్వుతూ అనేశాడు: "మా బాలప్ప మళ్ల షురూ చేసినట్టున్నడు."

ఆ మాట ఊరంతా తిరిగి పద్మమ్మ చెవిన పడింది. ఆమె అరవలేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని, "దేవుని ముంగట చెప్పినవు గదయ్యా," అని మాత్రం అంది. బాలప్ప కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు, దీనికేం చేస్తాడు పాపం?

"స్టీరింగ్ చేతిల నిలుస్తలేదు పటేలా," అని బాలప్ప మొత్తుకుంటే సత్తయ్య బండిని రెండు చోట్ల చక్రాల అలైన్‌మెంట్‌కు పంపాడు. ఇద్దరూ ముందు చక్రాలు రెండూ సమానంగానే ఉన్నాయని కాగితాలు చేతిలో పెట్టారు. అంతే, బాలప్ప గతి పూర్తిగా చెడింది. "బండిల ఏం లేదట. సోమారం సంది మా పోరడు సందీప్ నడుపుతడు తియ్యి," అన్నాడు సత్తయ్య.

"ఒక్కసారి మొయినాబాద్ నాగేందర్‌కు చూపిద్దాం. నువ్వు గూడ రా," అని బతిమాలాడు బాలప్ప.

నాగేందర్ మాట తక్కువ మిస్త్రీ. బాలప్పను స్టీరింగ్ అటూ ఇటూ ఆడించమని, తాను బండి కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చేయి వేసి చూశాడు. ఎక్కడా లూజు లేదు. జాకీ ఎత్తి చక్రాలు పట్టి ఊపాడు. గట్టిగానే ఉన్నాయి. ఇక ఆ దేవుడు దిగి వచ్చి చెప్పినా తనను ఎవరూ నమ్మరనుకున్నాడు బాలప్ప.

నాగేందర్ చేతులు తుడుచుకుంటూ రోడ్డు అవతలికి పోయి, అక్కడి నుంచి బండిని పక్క నుంచి చూశాడు. తిరిగొచ్చి అడిగాడు: "వెనుక గింత లేసి ఉన్నదేందన్నా?"

"వెనుక బరువాపే కమాను పట్టీలు రెండు ఎక్కువ ఏపిచ్చిన. దసరకు ముందు," అన్నాడు సత్తయ్య, ఏదో ఘనకార్యం చేసినట్టు. "పది బస్తాలు ఎక్కువ పడుతున్నయి."

నాగేందర్ నవ్వాడు. "సైకిల్ ముందు ఫోర్కు జర ముందుకు వాలి ఉంటది చూసినవా? గందుకే చేతులిడిసినా సక్కగ పోతది. దీని ముందు చక్రాలకు గూడ గసోంటి వాలే ఉంటది. బరువుంటె పట్టీలు అణిగి సరిగ్గ ఉంటది. ఖాళీగుంటె వెనుక లేస్తది, ముందటి వాలు పోతది, స్టీరింగ్ నిలువదు. అలైన్‌మెంటోళ్లు చక్రాలు సూసిన్రు, వాలు సూడలే. జర నువ్వే సురంగల్ మలుపు దాంక నడిపి రా అన్న."

సత్తయ్య ఖాళీ బండి ఎక్కి పోయాడు. తిరిగి వస్తుంటే బాలప్ప రోడ్డు పక్కన నిలబడి చూశాడు. పటేలు బండి అచ్చంగా తాగినవాడి నడకే నడుస్తూ వచ్చింది. వెనుక వచ్చే బైకువాడు తిట్టుకుంటూ పోయాడు కూడా. బాలప్పకు నవ్వొచ్చింది.

మధ్యాహ్నానికి పట్టీలు తీసేశారు. బండి దారిన పడింది. సత్తయ్య బండి తాళంచెవి చాపాడు. "ఇగ ఫికర్ లేదు. రేపటి సంది నువ్వే నడుపు."

బాలప్ప తీసుకోలేదు. "బండిని ముగ్గురికి చూపిచ్చినవు పటేలా. నన్ను మాత్రం తాగినవా అని ఒక్క మాట అడుగలే. హోటల్ల అన్నవు. హోటల్లనే చెప్పు. పద్మమ్మను గూడ తోల్కొస్త."

సత్తయ్య మొహం మాడింది గానీ కాదనలేకపోయాడు. సాయంత్రం అదే హోటల్లో అందరూ వింటుండగా నిలబడి చెప్పాడు: "బాలప్ప తాగలే. పట్టీలు ఏపిచ్చింది నేను. నోరు జారింది గూడ నేనే."

బాలప్ప అప్పటికీ గట్టిగానే ఉన్నాడు. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ పద్మమ్మ కొంగు సర్దుకుని, ఆ నలుగురికీ వినబడేలా అంది: "మీరు ఒట్టిగనే అన్నరు పటేలా. నేను పదకొండేండ్లు చూసి గూడ ఆ మాట నమ్మిన. పెద్ద తప్పు నాదే."

పటేలు మాటకు చెమర్చని బాలప్ప కళ్లు ఆ మాటకు నిండిపోయాయి.