గోడ దాటని గిటారు

ఇవాళ పొద్దున్న పేపరు తీసుకుందామని బయటికి వెళితే పక్కింటి గేటుకి ఎర్ర గమ్చా తువ్వాలు వేలాడుతోంది. మా లైన్లో దానర్థం అందరికీ తెలుసు. ఇంటాయన రాత్రంతా సి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు, బెల్లు కొట్టకండి, కూరలబండి అయితే కేక వెయ్యకుండా ముందుకి పోవాలి. సరిగ్గా అప్పుడే మా వెనక గదిలో మనవరాలు ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తోంది, అదీ గొంతు చించుకునే రకం. ఎవరూ వచ్చి ఆపమనలేదు. ఒకే గోడకి రెండు క్వార్టర్లు అంటుకుని ఉన్న ఈ బారిడీహ్ ఉక్కు కాలనీలో ఈ రెండూ ఒకేసారి జరగడం నా వల్లే సాధ్యమైందని వచ్చేపోయే వాళ్ళందరికీ చెబుతుంటాను. మా ఆవిడ దగ్గరలో ఉంటే కొంచెం తగ్గించి చెబుతాను.

కిందటి వానాకాలం సంగతి. మనవరాలు టిఫిన్ డబ్బాకంటే కాస్త పెద్దదైన ఆంప్లిఫయర్ ఒకటి కొనుక్కుంది. పిల్లకి కావలసిందల్లా గిటారు గొంతు కాస్త చిరిగి, గరగరలాడుతూ, పెద్ద స్టేజీ మీద మోగినట్టు రావడం. పెద్ద పెట్టెల్ని గట్టిగా పెడితే అది దానంతటదే వస్తుంది. చిన్నదాన్ని గట్టిగా పెడితే రేకుడబ్బాలో కందిరీగ. పైగా పక్కింటాయన క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కుని మనుషుల నెత్తిమీదుగా నడిపే మనిషికి పగటి నిద్ర చెడితే ఏమవుతుందో మిల్లులో పనిచేసిన నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఒక మధ్యాహ్నం ఆయన ఎర్రబడ్డ కళ్ళతో మా గేటు దగ్గర నిలబడి, వెనక గది వైపు ఓసారి చూసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. "ఇంకొక్కసారి ఆయన లేచాడంటే గిటారు బీరువా మీదకే" అని మా కోడలు తీర్పు చెప్పేసింది. పిల్ల ఏడవలేదు. తీగలు తుడుచుకుంటూ కూర్చుంది. అది నేను చూళ్ళేకపోయాను.

రోలింగ్ మిల్లు కరెంటంతా నా చేతిమీద నడిచింది, ఇదో లెక్కా అని రంగంలోకి దిగాను. (అంతా కాదు లెండి, ఒక మూల.) ఒకప్పుడు వినాయకుడి పందిట్లో వాడి, తర్వాత మూలపడేసిన పెద్ద స్పీకరొకటి చెక్కపెట్టెతో సహా మా మంచం కింద ఉండేది. మీటరు పెట్టి చూసుకుని, చిన్న ఆంప్లిఫయర్‌ని దానికి తగిలించాను. వాల్యూమ్ అడుగునే ఉంచి, గొంతు చిరిగేలా చేసే గెయిన్ నాబ్ పెంచాం. తీగ మీటగానే కందిరీగ పోయి పులి వచ్చింది. పులిపిల్ల అనుకోండి. ఇక మెరుగులు దిద్దాలి కదా! "ఇంకా మూత వేసినట్టుందమ్మా, ట్రెబుల్ పెంచు" అన్నాను. పెంచింది. ఇంకా అన్నాను. ఇంకా పెంచింది. నా చెవిలో అమృతం పోసినట్టయింది. వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"ఏటండీ అది! రేకు మీద మేకెట్టి గీత్తన్నట్టుంది. పళ్ళు జివ్వుమంతన్నాయి!"

"బాగానే ఉంది కదే."

"మీకు బాగానే ఉంటది. పక్కన కుక్కరు కూతేసినా కదలరు మీరు."

మనవరాలు నవ్వాపుకోలేక, "తాతయ్యా, ఆప్‌కే కాన్ తో మిల్ మే హీ రహ్ గయే" అంది. నా చెవులు మిల్లులోనే ఉండిపోయాయట.

ఉండిపోయిన మాట నిజమే. అన్నేళ్ళ మోతకి సన్నటి శబ్దాలు నాకు అందడం ఎప్పుడో మానేశాయి. నాకు వినపడని దాన్ని, వినపడేదాకా ఆ పిల్ల చేత పెంచిస్తూ పోయాను. మిల్లు మనిషి తప్ప ఇలాంటి తప్పు ఇంకెవరూ చెయ్యరు. ఆ తర్వాత నేను టెస్టరు పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. అన్నీ అదే చేసుకుంది. ట్రెబుల్ దించింది. గెయిన్ కూడా సగానికి దించింది, అప్పుడు గరగర ఉంటూనే తీగ తీగా విడిగా పలికింది. పెట్టెని ఉమ్మడిగోడకి దూరంగా జరిపి, కుర్చీ ఎక్కించి తన చెవి ఎత్తుకి తెచ్చుకుంది. అంత దగ్గరయ్యాక వాల్యూమ్ ఇంకా తగ్గినా సరిపోయింది. మా ఆవిడ పెరట్లో పక్కింటి కిటికీ దగ్గర నిలబడి, కేక వెయ్యకూడదు కాబట్టి, గరిటె పైకీ కిందకీ ఊపుతూ పెంచమనీ తగ్గించమనీ సైగలు చేసింది.

మర్నాడు పక్కింటి గేటుకి గమ్చా వేలాడుతుండగానే పిల్ల మధ్యాహ్నమంతా వాయించింది. కోడలు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడే ఉంది. సాయంత్రం పక్కింటాయన రానే వచ్చాడు. ఆయన ఆవలిస్తూ, "ఏటి బాబాయ్, ఇయ్యాల పాప వాయించనేదేటి? ఒంట్లో బాగోనేదా?" అన్నాడు.

కోడలు నవ్వేసి లోపలికి వెళ్ళిపోయింది. బీరువా పైన ఇప్పటికీ పాత దుప్పట్లే ఉన్నాయి.

మా మనవరాలి గిటారు సిద్ధగోరా మీదుగా భాలుబాసా దాకా పేటలన్నిటా మోగిందని చెప్పుకోవాలని నాకు నోరు దురద పెడుతూ ఉంటుంది. నిజానికది మా గోడే దాటలేదు, దాని గొప్పంతా అదే. ఇవాళ కూడా పేపరు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాను. పై చివరి సన్నటి శబ్దాలు నాకు అందవు, అవి పిల్ల మొహంలో చూసుకుంటాను. కాలం నా దగ్గర్నుంచి శబ్దాల్ని పైనుంచి ఒక్కొక్కటే తీసుకుపోతోంది, పోనివ్వండి. అడుగున ఉండే ఆ గరగర మాత్రం నేలలోంచి నా అరికాళ్ళకి ఇంకా ఎక్కుతూనే ఉంది.