ఆంప్లిఫయర్ పోలేదు చాచా

వైరాలో మాది మైక్ సెట్ దుకాణం. మా నాన్న పెట్టింది. పెళ్లిళ్లు, పార్టీ మీటింగులు, దర్గా ఉర్సులు, బతుకమ్మ ఆటలు, ఎక్కడ జనం చేరినా అక్కడ మా స్పీకర్లు ఉండేవి. ఊహ తెలిసిన దగ్గర్నుంచి నా చెవులకు నేర్పిన పని ఒక్కటే. మైకులో కూత రాకూడదు, స్పీకర్‌లో గరగర రాకూడదు. గరగర వచ్చిందంటే స్పీకర్ లోపలి కాగితపు కోన్ చిరిగినట్టు, లేదా ఆంప్లిఫయర్ కాలబోతున్నట్టు. పెళ్లి భోజనంలో కూర్చున్నా సరే, ఆ చప్పుడు వినపడితే చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తేవాణ్ని.

ఈమధ్య వానాకాలం మొదట్లో టేకులపల్లి దాటి అడవిలోపల ఉన్న ఒక ఊళ్లో కబడ్డీ పోటీలు పెట్టారు. ఫైనల్ రోజున మైక్ సెట్ కావాలని ఆ ఊరి యువకులు ఫోన్ చేశారు. కామెంటరీకి మైకులు, ఆట అయిపోయాక పాటల ప్రోగ్రాం అన్నారు. పాటలంటే జానపదాలేమో, కాకపోతే డీజే ఏమో అనుకుని సామానంతా ట్రాలీ బండిలో వేసుకుని పొద్దున్నే బయలుదేరాను.

బడి ముందున్న మైదానంలో స్పీకర్లు నిలబెడుతుంటే ఆటోలోంచి ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి దిగారు. నలుగురివీ నల్ల టీషర్టులే. ఒకడి జుట్టు భుజాల మీద పడుతోంది. ఇంకొకడి ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగి ఉంది. ఆటో వెనక నుంచి డ్రమ్ములు, గిటార్లు, వైర్ల మూట దించారు.

"పాటలు పాడేది మీరేనా?" అన్నాను.

"అవ్ చాచా. మాది రాక్ బ్యాండు. కొత్తగూడెంల ఉంటం గానీ నాది ఈ ఊరే. పాడేది నేనే," అంది అమ్మాయి. తాను ఒక ప్రైవేటు దవాఖానాలో రక్త పరీక్షలు చేస్తానని, జుట్టు పెంచుకున్న అబ్బాయి బళ్లో లెక్కలు చెప్తాడని కూడా చెప్పింది. ఆ జుట్టుతో పిల్లల ముందు ఎట్లా నిలబడతాడో నాకు అర్థం కాలేదు.

సరే, ఒకసారి వాయించి చూసుకోండి అని కనెక్షన్లు ఇచ్చాను. లెక్కల సారు గిటార్ తగిలించుకుని, కాలి దగ్గర ఒక చిన్న డబ్బా పెట్టుకుని, దాన్ని బొటనవేలితో నొక్కాడు. తీగ మీద చెయ్యి పడిందో లేదో స్పీకర్లోంచి ఒకటే గరగర! కొత్త ఆంప్లిఫయర్. ఒక్క ఉరుకున వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాను.

నలుగురూ నా వైపు చూశారు.

"ఏమైంది చాచా?"

"ఇంకేం గావాలె? ఆంప్లిఫయర్ పోయింది! ఇనపడతలేదా మీకు?"

ఆ అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఆంప్లిఫయర్ పోలేదు చాచా. మేము వాయించే సౌండే గది. ఇగో, ఈ డబ్బాతోనే వస్తది."

నేను నమ్మలేదు. డబ్బా తీసేసి వాయించమన్నాను. తీగ శుభ్రంగా మోగింది. మళ్లీ పెట్టమన్నాను. గరగర. ఇన్నేళ్లుగా నేను తరిమికొడుతున్న చప్పుడును వీళ్లు కొనుక్కుని మరీ తెచ్చుకున్నారు! ఆ తర్వాత అమ్మాయి గొంతెత్తి ఒక అరుపు అరిచింది. చెట్టు కింద మేస్తున్న మేకలు బడి వెనక్కి పారిపోయాయి. నాకు అప్పుడే తలనొప్పి మొదలైంది.

మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆవిడకు ఫోన్ చేశాను. మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఇవాళ నా చెవులు పోయేటట్టున్నాయి. ఇది పాటా గోలా తెలియడం లేదు," అన్నాను.

"పాట మొత్తం విన్నారా?"

"మొత్తం ఎందుకు? ఒక్క ముక్క చాలు."

ఆవిడ అంది, "పెళ్లయిన కొత్తలో మీరు పొద్దస్తమానం ఖవ్వాలీలు పెడుతుంటే నాకు ఏడుపొచ్చేది. పుట్టింట్లో ఎన్నడూ వినలేదు. ఒక్క ముక్క విని లేచిపోయి ఉంటే ఈరోజు మీతోపాటు కూర్చుని వినేదాన్నా? అజీ, పిల్లలు అంత దూరం మోసుకొచ్చారు. పూర్తిగా విని తిట్టండి."

ఫోన్ పెట్టేసి, కంచం కడుక్కుని మిక్సర్ దగ్గరికి వెళ్లాను.

ఫైనల్ మొదలవగానే వాన దంచి కొట్టింది. మిక్సర్ మీద పరదా కప్పి, స్పీకర్లను బడి వరండాలోకి లాగాం. వాన చప్పున వెలిసింది గానీ మైదానం బురద బురద అయిపోయింది. పొట్టు చల్లి ఆరబెట్టేదాకా ఆట లేదన్నారు. జనం ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. పోటీలు నడిపిస్తున్న వ్యాయామం సారు గాబరాగా నా దగ్గరికొచ్చి, "జనం పోతున్నరు. పాటలు ఇప్పుడే పెట్టిద్దాం, జల్దీ కానియ్యి," అన్నాడు.

వరండాలోనే నలుగురూ సర్దుకుని నిలబడ్డారు. మొదటి పాట పెద్ద రొద. చేతులు కట్టుకుని కూర్చున్నాను. ముందు వరసలో ఉన్న పెద్దవాళ్లు కొందరు చెవులు మూసుకుని లేచారు. అమ్మాయి మొహంలో రంగు మారడం చూశాను. పాట ముగిసేసరికి చప్పట్లు కొట్టింది కాలేజీ పిల్లలు మాత్రమే.

రెండో పాట మొదలవుతుండగా ఒక ముసలామె నా పక్కకొచ్చి నిలబడింది. చిన్న మనిషి, భుజం మీద తువ్వాల. అమ్మాయికి అమ్మమ్మనని చెప్పింది.

"ఓ మైకాయనా, మా పిల్ల గొంతు ఇనపడతలేదు. ఈ మోతల ఏం పాడుతుందో ఏంది? జర ఇనపడేటట్టు చెయ్యి. ఈ పాట నా మీద కట్టింది."

"నీ మీదనా? ఏం పాట?"

"వాగు పాట. దీనికి చిన్నప్పుడు జరమొస్తే, వాగు పొంగుతాంటే నెత్తిమీద ఎత్తుకుని దాటిన. దవాఖానాకు ఏసుకపోయిన. గా సంగతే మా కోయ మాటల కట్టింది. నాకే ఇనపడకపోతే ఎట్ల?"

ఆ మాటతో కట్టిన చేతులు విప్పాను. ఇప్పటిదాకా మీటింగుకు పెట్టినట్టే మిక్సర్ పెట్టి వదిలేశాను. గొంతు పైకి తేవాలంటే ఏది దాన్ని మింగేస్తోందో తెలియాలి. అది తెలియాలంటే ఒక్కొక్క వాయిద్యం ఏం చేస్తోందో వినాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదట డ్రమ్ములు విన్నాను. పిడిగుద్దులు అనుకున్నవాటిలో ఒక నడక ఉంది, మనిషి ఆచితూచి అడుగు వేస్తున్నట్టు. లావు తీగల గిటార్ ఆ అడుగుల వెంటే పోతోంది. దాని అదురు కొంచెం తగ్గించాను. గరగర గిటార్‌కు ఇచ్చిన స్పీకర్‌ను పక్కకు తిప్పి, అమ్మాయి మైకు పెంచాను. గొంతు పైకి తేలింది.

భాష నాకు రాదు. అయినా ఆమె ఒకే మాటతో ఎవరినో మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా పిలుస్తోందని తెలిసింది. చివరి పిలుపు పొద్దున మేకలను తరిమిన అరుపే. ఈసారి అది అరుపులా లేదు. అవతలి ఒడ్డుకు వినపడాలని పిలిచినట్టు ఉంది. దాని చుట్టూ ఆ గరగర పొంగుతూ, తగ్గుతూ, మళ్లీ పొంగుతూ...

ముసలామె నా మోచెయ్యి పట్టుకుంది. "వాగు మోత గిట్లనే ఉంటది," అంది. ఆమె కళ్లు మనవరాలి మీదే ఉన్నాయి.

నేను హెడ్‌ఫోన్ తీసేసి మామూలు చెవులతో విన్నాను. వెళ్లిపోతున్న ఆడవాళ్లు కొందరు గేటు దగ్గర ఆగారు. తమ కోయ మాట చెవిన పడింది కాబోలు, నలుగురైదుగురు వెనక్కి వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నారు. అందరూ రాలేదు. మొదటి పాటకు లేచిన పెద్దమనుషులు బీడీలు కాల్చుకుంటూ దూరంగానే ఉండిపోయారు. కానీ పాట ముగిశాక మెట్ల మీద నుంచి వచ్చిన చప్పట్లు కాలేజీ పిల్లలవి కావు. అమ్మాయి మైకు పక్కకు పెట్టి, నా వైపు చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

మైదానం ఆరేలోపు ఇంకో మూడు నాలుగు పాటలు పాడారు. ఒకటి నాకు అస్సలు నచ్చలేదు. ఒకటి బాగుంది. ఫైనల్ కూడా అయిపోయి నేను వైర్లు చుడుతున్నప్పుడు లెక్కల సారు వచ్చి, "ఎట్లుంది చాచా, నిజం చెప్పు," అన్నాడు.

"మొదటి పాట గోల. అది ఆఖర్న పెట్టుకోండ్రి. వాగు పాట ముందు పాడితే జనం కూసుంటరు."

"గోలనా!" అని వాడు వాదనకు దిగాడు. ట్రాలీ నిండేదాకా వాదించుకున్నాం. ఒకరి ఫోన్ నంబరు ఒకరం తీసుకున్నాం.

తర్వాత నెలలో వాళ్లు వైరా వచ్చారు. కొత్తగూడెంలో ప్రాక్టీసు చేసుకుంటున్న గది ఇంటివాళ్లు వద్దన్నారట. మా గోడౌన్ ఆదివారాలు ఖాళీగానే ఉంటుంది, రమ్మన్నాను. మొదటి ఆదివారం మా ఆవిడ చాయ్ తీసుకుని వెళ్లి, చాలాసేపు తిరిగి రాలేదు. వెళ్లి చూస్తే డ్రమ్ముల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పిల్ల గొంతుకు తేనె, అల్లం ఎట్లా కలుపుకోవాలో చెప్తోంది. గరగర గురించి అడిగితే, "ఫర్వాలేదు, కానీ అదే పనిగా వద్దు," అంది. ఆ మాట లెక్కల సారు విన్నాడు. నేను అంటే వాదించేవాడు, ఆవిడ అంటే మాత్రం తలూపాడు.

నిన్నగాక మొన్న కల్లూరులో ఒక కాలేజీ వార్షికోత్సవానికి పిలుపొచ్చింది. సౌండ్ నాదే. నలుగురూ నా ట్రాలీలోనే ఎక్కారు, అబ్బాయిలు వెనక డ్రమ్ముల మధ్య ఇరుక్కుని. తల్లాడ దాటాక రోడ్డుకు రెండు పక్కలా నాట్లు వేసిన పొలాలు పచ్చగా ఉన్నాయి. అమ్మాయి ముందు సీట్లో నా పక్కన కూర్చుని, డ్యాష్‌బోర్డు మీద వేళ్లతో తాళం వేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. నేనెప్పుడూ వినని రాగం. ఒకచోట మెలిక తిరిగి, ఎక్కడికి పోవాలో తెలియనట్టు ఆగిపోయింది.

"కొత్తది చాచా. ఇంకా కుదురుతలేదు. ఎట్లుంది?"

నాకు నచ్చిందో లేదో నాకే తెలియలేదు. కిటికీ అద్దం పైకెత్తాను, గాలి హోరు తగ్గింది.

"ఇంకోసారి పాడు బిడ్డా," అన్నాను. "మొదటినుంచి."