రొట్టె అంటే ఏ రొట్టె?

ఆ రోజు మా అఖిలకు స్నానం చేయిస్తుంటే వీపు ఎముకలు నా చేతికి గుచ్చుకున్నాయి. పొట్ట మాత్రం బిందెలా ఉబ్బి ఉంది. రెండో తరగతి పిల్ల. తిన్నది తిన్నట్టే మోషన్స్ అయిపోయేవి.

లింగాలలో నులిపురుగుల మందు వేయించాం. తగ్గలేదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో రక్తం తక్కువుందన్నారు. చివరికి హైదరాబాద్‌లో ఎండోస్కోపీ, బయాప్సీ చేశారు.

"సీలియాక్ డిసీజ్. గోధుమలో ఉండే గ్లూటెన్ పాప పేగుకు పడదు. రొట్టె, చపాతీ, బ్రెడ్ జీవితాంతం బంద్" అన్నాడు డాక్టరు. డైటీషియన్‌ని కలిసి వెళ్లమన్నాడు. ఆమె ఆ రోజు సెలవు. మేం బస్సెక్కేశాం.

ఇంటికొచ్చాక నేను పట్టిందే పట్టు. పొయ్యి మీద రొట్టె కాలనివ్వలేదు. మెత్తగా ఉప్మా, సేమ్యా చేసి పెట్టాను.

"అమ్మా, జర్రంత రొట్టె పెట్టవే" అని ఏడ్చేది.

"సారు వద్దన్నడు. నోర్మూసుకొని ఉప్మా తిను" అని గదిమేదాన్ని.

"గింత తింటున్నా పిల్ల గిట్ల ఎండిపోతుందేందే?" అని మా అత్త కళ్లు ఒత్తుకునేది. ఒక పొద్దున అఖిల బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. బిడ్డ నాకు దక్కదనుకున్నాను.

మళ్లీ హైదరాబాద్. సెలైన్ పెట్టారు. ఈసారి డైటీషియన్ మంచం దగ్గరికే వచ్చింది. వనపర్తి వైపు ఆమెట. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"లేచినకాడికెళ్లి పాప ఏమేం తింటది, చెప్పక్కా."

"గోధుమ ముట్టనియ్యలే మేడం. రొట్టె సుత బంద్ చేసిన."

"ఏ రొట్టె?"

"ఏ రొట్టేంది మేడం? జొన్నరొట్టె. మాకు రొట్టె అంటే గదే గదా."

ఆమె కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంది. "మరి ఉప్మా ఏ రవ్వతోని చేస్తవ్?"

"బొంబాయి రవ్వ."

"అది గోధుమేనక్కా. సేమ్యా గూడ గంతే. జొన్నలల్ల గ్లూటెన్ ఉండదు."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. అడ్డం పడింది నేను.

అఖిల పేగు బాగా దెబ్బతింది కాబట్టి పాలు కొన్నాళ్లు ఆపమంది. జొన్నరొట్టె, పెసరపప్పు, గుడ్డు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమంది. పిల్ల కోలుకుంది. ఇక గండం గడిచిందనుకునేలోపు మళ్లీ మోషన్స్ మొదలయ్యాయి. డైటీషియన్‌కు ఫోన్ చేస్తే ఆమె మొదట అడిగిన మాట, "పిండి యాడ పట్టిస్తున్నవ్?" గిర్నీలో మాకంటే ముందు ఎవరివో గోధుమలు పట్టారు. ఆ పిండి మా జొన్నపిండిలో కలిసింది. ఇప్పుడు మా అత్త ఇంట్లోనే తిరగలిలో జొన్నలు విసురుతుంది, నడుం నొప్పి అని రోజూ తిడుతూనే.

అఖిల ఇప్పుడు బడికి నడిచే వెళ్తుంది. పెళ్లిళ్లకు పోతే మా డబ్బా మేమే పట్టుకుపోతాం. చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ.

డాక్టరు ఏదైనా మానమంటే తలూపి రాకండి. మీ వంటింట్లో ఉన్నవన్నీ పేరుపేరునా చెప్పి, ఏది ఏ గింజతో చేసిందో అడగండి. నేను అడగలేదు. వద్దు వద్దంటున్న బిడ్డ నోట్లో ఆ జబ్బునే ముద్దలు చేసి పెట్టాను.