ఐదు నీలం పాస్‌పోర్టులు

కిందటేడాది అక్టోబరులో, కువైట్‌లో ఫర్వానియాలోని ఒక ట్రావెల్ ఆఫీసులో సీనియర్ ఇటినరరీ ఆఫీసరుగా నా ఆఖరి సీజను నడుస్తుండగా, చోంగ్‌చింగ్ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఇటినరరీ అంటే ఏ రోజు ఏ విమానం, ఏ హోటలు, ఏ పూట ఏం చూడాలి అని గంటల వారీగా రాసిచ్చే ప్రయాణ పత్రం. నరసాపురం నుంచి టైపిస్టుగా వచ్చినదాన్ని. ఇరవై ఎనిమిదేళ్లలో కౌంటరు దాటి, టికెటింగు దాటి ఆ కుర్చీ దాకా వచ్చాను. సుగుణ మేడం ప్లాను వేస్తే వంక పెట్టేవాళ్లుండరని ఆఫీసులో అనేవారు. నేనూ కాదనేదాన్ని కాదు.

ప్రయాణం ఒక కువైటీ కుటుంబానిది. కొడుకు, కోడలు, కాలేజీలో చదివే మనవరాలు, చక్రాల కుర్చీలో తిరిగే డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దావిడ, ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండే మన రాయచోటి మనిషి రెడ్డెమ్మ. వెరసి ఐదుగురు. చోంగ్‌చింగ్ చైనాలో కొండల మీద కట్టిన మహానగరం. అక్కడ ఒకచోట మెట్రో రైలు అపార్టుమెంటులోకి దూరి అవతలి వైపు నుంచి బయటికి వస్తుంది. మనవరాలు ఆ వీడియో చూపిస్తే పెద్దావిడ నమ్మలేదట. ఫోనులో ఏమైనా చేయొచ్చు, నా కళ్లతో చూస్తేనే నిజం అని పంతం పట్టిందట. అందుకని నవంబరు రెండో వారంలో మూడు రోజుల ప్రయాణం అనుకున్నారు.

పదకొండు చోట్లతో దివ్యమైన ప్లాను వేశాను. అది తీసుకువెళ్లడానికి ఆ ఇంటి డ్రైవరుతో పాటు రెడ్డెమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, ఒంటినిండా నల్ల అబాయా, చేతిలో మందుల సంచి. కాగితం చదివి వినిపించమంది. విని, తల అడ్డంగా ఊపింది. ఇంటి యజమానురాలిని మామా అనడం అక్కడి పనివాళ్ల అలవాటు, పెద్దావిడ ఆమెకు పెద్ద మామా.

"పొద్దన్నే ఎనిమిదికి బయల్దేరేదంటే ఎట్లవుతాదక్కా? మా పెద్ద మామా లేసి, నమాజు చేసి, మందేసుకొని, బాత్రూము పోయొచ్చేతలికి పదవుతాది. ఈ పదకొండు జాగాల్లో మెట్లు లేనివి ఎన్నుండాయో అది చెప్పు."

నాకు ఒళ్లు మండింది. చూడాల్సిన చోట్ల గురించి రాశాను గానీ మెట్ల గురించి ఆలోచించలేదని తెలిసేసరికి మరింత మండింది. కొండల మీది ఊరది. మెట్లు లేని సందు అక్కడ ఉండదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు, ఆవేళ తన్ను తిన్నది నా తలే.

మరుసటి వారం రెండుసార్లు వచ్చింది. నేను తెర మీద పటాలు, వీడియోలు పెడితే ఆమె ప్రశ్నలు వేసేది. లిఫ్టు ఏ తలుపు దగ్గర, కుర్చీ తిప్పుకోవడానికి జాగా ఉందా, బాత్రూములో చేతితో పట్టుకునే నీళ్ల గొట్టం ఉందా. చక్రాల కుర్చీ వెడల్పు ఎంతని నేనడిగితే, "మూడు జానల మీద రెండు వేళ్లు" అంది. తన జానను బల్ల మీద పెట్టించి, స్కేలుతో కొలిచి, లెక్క కట్టి హోటలుకు మెయిలు పంపాను. బాత్రూము తలుపు ఇరుకని జవాబొచ్చింది. హోటలు మార్చాం. ఆ ఊళ్లో తిండి చాలా కారమని హెచ్చరిస్తే మాత్రం నవ్వేసింది. "రాయచోటోళ్లకా కారం గురించి చెప్పేది? నాకేం గాదులే. పెద్ద మామాకే సప్పిడి హలాలు కూడు యాడ దొరుకుతాదో చూడు."

పదకొండు చోట్లు నాలుగయ్యాయి. నది ఒడ్డున పదకొండు అంతస్తుల పాత తరహా కట్టడం ఉంది. దానికి కింద ఒక వీధి, పదకొండో అంతస్తులో మరో వీధి. పైనుంచి లిఫ్టులో దిగి కింది వీధిలో కారెక్కితే ఒక్క మెట్టూ తగలదని కనిపెట్టింది రెడ్డెమ్మే.

ఇక టికెట్లు. హోల్డులో పెట్టిన సీట్లకు టైమ్ లిమిట్ ఉంటుంది, ఆలోగా టికెట్లు ఇష్యూ చేయకపోతే సీట్లు పోతాయి. ఐదు పాస్‌పోర్టులు రబ్బరు బ్యాండు వేసి పంపారు. పేర్లు ఎక్కించడం సహోద్యోగి పని, వీసా నిబంధన చూడటం నా పని. కుటుంబమైతే ఇంటి పెద్ద పాస్‌పోర్టు ఒక్కటే చూసి మిగతావాటికి టిక్కు పెట్టేయడం నాకు అలవాటైపోయింది. కువైటీలకు చైనా వీసా అక్కర్లేదన్న సడలింపు అప్పటికి కొత్తగా వచ్చింది. 'వీసా అవసరం లేదు' అని ఐదుగురికీ టిక్కు పెట్టాను. టికెట్లు ఇష్యూ అయిపోయాయి.

ప్రయాణం పన్నెండు రోజులుందనగా టికెట్లు తీసుకోవడానికి వచ్చిన రెడ్డెమ్మ, పాస్‌పోర్టులు సంచిలో పెట్టుకుంటూ అడిగింది. "మామా వాళ్లకి వీసా అక్కర్లేదంట గదా. మరి నాకి?"

కువైటీ పాస్‌పోర్టు అట్ట నీలం. మనదీ నీలమే, మనకు మాత్రం చైనా వీసా కావాలి. ఐదు నీలం అట్టలు చూశాను, అన్నిటికన్నా కిందున్న ఐదోది, రెడ్డెమ్మది, తెరవలేదు. అదే అట్ట నా సొరుగులోనూ ఉంది. దీపం కింద చీకటంటే ఇదే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

దాచిపెట్టే పని పెట్టుకోలేదు. కోడలుగారికి ఫోను చేసి తప్పు నాదేనని చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, ఒక్క మాట అంది. అత్తగారు రెడ్డెమ్మ లేకుండా గుమ్మం దాటరు, అత్తగారు రాకపోతే ఎవరూ వెళ్లరు, వీసా రాకపోతే ఖలాస్. అంటే ఐదుగురి ప్రయాణం, రిటైరయ్యే ముందు నా పరువు ఒక్క వీసా స్టిక్కరు మీద ఆధారపడ్డాయి.

ఆ పూటే ఫారం మొదలుపెట్టాను. ఇఖామా అనే నివాస కార్డు నకలు, పనిలో పెట్టుకున్న కఫీలు రాసిచ్చే ఉత్తరం, టికెట్లు, హోటలు బుకింగు, రోజువారీ ప్లాను కావాలి. వీసా కోసం పెట్టే ప్లాను సాధారణంగా మాయ కాగితం. ఎవరూ వెళ్లని చోట్లు రాస్తాం, దరఖాస్తుదారుకే అందులో ఏముందో తెలియదు. ఇక్కడ మాత్రం అసలు ప్లానే పెట్టాను. ప్రయాణ కారణం అన్న గడి దగ్గర రెడ్డెమ్మ నా చేయి పట్టుకుని, ఏం రాశావని అడిగింది. చూడ్డానికి అని రాశానన్నాను.

రెడ్డెమ్మ నా చేయి వదిలింది. "పదిహేడేండ్లుగా ఇమానం ఎక్కేది పనికి వచ్చేదానికి, ఊరికి పోయేదానికే. చూసేదానికి పోతాండేది ఇదే మొదులక్కా. ఆ మాట అట్లే ఉండనీ."

చైనా వీసా సెంటరులో అపాయింటుమెంటు నాలుగో రోజుకు దొరికింది. నేనూ వెంట వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. కౌంటరులోని అధికారి ఇఖామాలో 'ఇంటి పని' అన్నది, ఫారంలో 'పర్యటన' అన్నది మార్చి మార్చి చూశాడు. మూడు రోజుల్లో ఏమేం చూస్తావని ఇంగ్లీషులో అడిగాడు. ఈ ప్రశ్న దగ్గరే చాలామంది నోరు తడారిపోతుంది.

రెడ్డెమ్మ వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ. మొదటి రోజు పదిన్నరకు బయల్దేరడం, రైలు దూరే ఇంటి కింద నిలబడే చోటు, అక్కడికి మెట్లు తగలని దారి, పదకొండో అంతస్తు నుంచి కిందికి దిగే లిఫ్టు, హలాలు నూడుల్సు కొట్టు, నమాజు వేళలు, చివరికి హోటలు బాత్రూము తలుపు వెడల్పు కూడా. తల వంచుకుని వింటున్న అధికారి తలెత్తాడు. తనది ఉత్తర చైనాలో ఒక ఊరని, చోంగ్‌చింగ్ ఇంకా చూడలేదని చెప్పి, ఆ లిఫ్టు ఏ వైపు అని అడిగి తెలుసుకున్నాడు. నేను బెంచీ మీద కూర్చుని పట్టలేని సంతోషంతో చేతిసంచి నలిపేశాను.

ప్రయాణానికి రెండు రోజుల ముందు పాస్‌పోర్టు చేతికొచ్చింది, లోపల వీసాతో. రెడ్డెమ్మ ఆ పేజీని వేలితో తడిమి, "యల్లా అక్కా" అంది, ఇక పోదాం పద అన్నట్టు. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. నేనైతే ఏడ్చాను, చెప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు.

మొదటి రోజు మధ్యాహ్నమే కోడలుగారు వీడియో పంపింది. రైలు వచ్చి ఇంట్లో దూరుతుంటే కుర్చీలోని పెద్దావిడ తొడ చరుచుకుంటూ "సిజ్! సిజ్!" అని అరుస్తోంది, నిజమే, నిజమే అని. కుర్చీ పట్టుకున్నది కొడుకు. రెడ్డెమ్మ నాలుగడుగుల అవతల, రెండు చేతులూ నడుముకు ఆనించి, తల వెనక్కి వాల్చి, రైలు కనుమరుగయ్యేదాకా చూస్తోంది. మూడు రోజుల్లో ఒక్కచోట కూడా కుర్చీ ఎత్తాల్సిన అవసరం రాలేదట. నా సర్వీసులో గీత మారకుండా నడిచిన ప్లాను అదొక్కటే, అది నేను వేసింది కాదు.

డిసెంబరులో రిటైరయ్యాను. నా కుర్చీలోకి వచ్చినావిడకు రెండే మాటలు చెప్పాను. ప్లాను వేసేముందు కుర్చీ తోసేవాళ్లను అడగాలి. బల్ల మీద ఐదు పాస్‌పోర్టులుంటే ఐదూ తెరవాలి, అన్నిటికన్నా కింద ఉన్నదాన్ని ముందు తెరవాలి.