తడి గోనెపట్టాలు కప్పింది ఎవరు

ఏడేళ్లుగా నాతోపాటు డ్యూటీకి వచ్చి, నాతోపాటే రూముకు తిరిగొచ్చే మాట ఒకటుంది. మోసి మోసి అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గల్ఫ్‌లో సహం అనే ఊళ్లో మాది బిల్డింగ్ పని. గోడ పక్కన ఇనుప గొట్టాలు కట్టి, నిలబడడానికి వాటిమీద చెక్క పలకలు వేస్తాం. ఆ పలకల బాధ్యత నాది. ఇక్కడి ఎండకు అవి నెర్రెలిచ్చి చీలిపోయేవి. కాంక్రీటు ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పుతాం కదా, పలకలకు మాత్రం ఎందుకు కప్పకూడదు అనుకున్నాను. నీళ్ల ట్యాంకు వెనక నీడలో పేర్చి, పట్టాలు కప్పి, నెలల తరబడి రోజూ తడిపాను. పెద్ద తెలివైనవాణ్ణనుకున్నాను! ఇంత ఎండల దేశంలో చెక్క కుళ్లుతుందని ఎవడనుకుంటాడు?

గంగన్నది కూడా మా జగిత్యాల వైపే. నాకంటే పదేళ్లు పెద్ద. ఒకే రూములో ఉండేవాళ్లం. నేను జ్వరంతో పడి ఉంటే జావ కాచి పోసిన మనిషి. ఏడేళ్ల కిందట ఒక రోజు పొద్దున, ఎక్కబోతూ పలక ఎత్తి చూశాడు.

"ఏంది తమ్మీ, గిది తెల్లగ పాలిపోయింది? పోగులు పోగులు లేస్తున్నది."

"ఎండకు గట్లనే అయితది అన్నా. ఏం గాదు, ఎక్కు."

ఎక్కాడు. గంట కూడా కాలేదు, పలక విరిగింది. రెండో అంతస్తు ఎత్తు నుంచి పడ్డాడు. నడుము విరిగింది.

మర్నాడు ఇంజనీరు ఆ ముక్కను వేళ్లతోనే పీచు పీచుగా చీల్చి చూపించాడు. చెక్క పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే బంక ఒకటుంటుందట. తడి చెక్కలో పెరిగే ఒక రకం శిలీంధ్రానికి నోరూ లేదు, పళ్లూ లేవు. ఎంజైములను బయటికి వదులుతుంది. అవి ఆ బంకను ముక్కలు చేసేస్తే తెల్లటి పోగులు మిగులుతాయి. చూడడానికి పలకే. బలం ఉండదు. అంతా చెప్పి, పట్టాలు కప్పింది ఎవరని అడిగాడు.

నేనేనని చెప్పలేదు. వీసా రద్దు చేసి పంపిస్తారనా? అవును, అంతే. అంతకంటే మంచి కారణం ఏళ్ల తరబడి వెతికాను, దొరకలేదు. ఆసుపత్రిలో గంగన్నను అడిగారు. జారిపోయిన పట్టాను ఒకటి రెండుసార్లు తనే మళ్లీ కప్పానని, తప్పు తనదే కావచ్చని చెప్పాడు. మంచం పక్కనే ఉన్నాను. తల దించుకున్నాను. రిపోర్టులో అతని పేరు రాశారు. ఇంటికి పంపించేశారు.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. ఉత్త మాట. చేసింది నేను, అనుభవిస్తున్నది అతను. కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేడు. ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. మా వైపు నుంచి ఎవరు గల్ఫ్‌కు బయల్దేరినా పిలిచి, పలకల మీద తడి పట్టాలు కప్పకండ్రని, తనలా తప్పు చేయకండ్రని చెబుతాడట. పోయిన వారం నాతో, "నా తప్పుకు నీ కొలువు గూడ పోతుండె తమ్మీ, ఏమనుకోకు" అన్నాడు. ఛీ, అప్పుడైనా చెప్పలేకపోయానా? చెప్పలేకపోయాను.

కప్పింది నేను. రోజూ తడిపింది నేను. ఎక్కు అన్నది నేను.

రాశాక కొంచెం ఊపిరాడుతోంది. అంతే. శుక్రవారం గంగన్న మళ్లీ ఫోన్ చేస్తాడు. ఏమనుకోవద్దని మళ్లీ నాకే చెబుతాడు.